అయిదుకాళ్ళ కుర్చీ

పెడనలో కలంకారీ బట్టలద్దే అచ్చుబల్ల ముందు నలభై ఏళ్ళుగా నిలబడే ఉన్న నాగభూషణానికి కూర్చునే యోగం అమెరికా నుంచి కబురు చేసింది. కబురు మోసుకొచ్చినవాడు బందరులో ఇంజనీరింగు కాలేజీ నడిపే పూర్ణచంద్రరావు. పేరులో పున్నమి, పనిలో అమావాస్య.

“భూషణంగారూ, మనతో ఒప్పందం చేసుకునే అమెరికా యూనివర్సిటీకి ప్రెసిడెంటు విట్కమ్‌గారు వస్తున్నారండీ. ఆయన జీవితమంతా కలంకారీలో అద్దివ్వండి. అది చూసి సంతకం పెట్టారా, మన కాలేజీలో కలంకారీ కోర్సు ఖాయం. గురువు మీరే. మీ గది, మీ కుర్చీ, తలుపు మీద మీ పేరు.”

అయిదో తరగతితో బడి మానేసిన నాగభూషణం ఆ తలుపును ఆ రోజు నుంచీ కలలో తీస్తూ వేస్తూ ఉన్నాడు. డిగ్రీ చదివి తండ్రి పక్కనే అచ్చులు కొట్టే కూతురు నాగదుర్గ మాత్రం, “ప్రెసిడెంటంటే మన పంచాయతీ ప్రెసిడెంటులాగా అయిదేళ్ళేనా నాన్నా?” అంది.

“నోరుముయ్యవే! అది చదువులతల్లి సింహాసనం.”

విట్కమ్ జీవితచరిత్ర ఇంగ్లీషులో వచ్చింది. నాగదుర్గ చదివి చెప్పింది. విట్కమ్ తండ్రి చేపలు పట్టేవాడట. నాగభూషణం దివిసీమ పడవ వేశాడు. తల్లి లాండ్రీలో పనిచేసేదట. కాలవలో మోకాలిలోతున నిలబడి బట్ట జాడించే పెడన ఆడమనిషిని వేశాడు. మంచులో నడిచి బడికెళ్ళాడట. మంచు మొహం ఎరగడు కాబట్టి ఉప్పుమడులు వేశాడు. పాఠాలు చెప్పడం, పరిశోధన, డీన్ పదవి, చివరికి ప్రెసిడెంటు. బట్ట మీద గీసుకున్న గడి గడికీ ఆ మనిషి ఎదుగుతుంటే, సొంత తమ్ముడు పైకొచ్చినట్టు నాగభూషణం పొంగిపోయాడు. కరక్కాయ నీళ్ళలో నానిన బట్టకి రంగు, కష్టాల్లో నానిన కెరీరుకి కుర్చీ అని పక్క షెడ్లలో ఉపన్యాసాలు కూడా దంచాడు.

ఆఖరి గడిలో ఆ కుర్చీయే. అచ్చు కొట్టేటప్పుడు నాగదుర్గ చెయ్యి జరిగింది. ఎరుపు రావలసినచోట అద్దేది పటికనీళ్ళే కాబట్టి తప్పు అప్పుడు కళ్ళకి ఆనలేదు. బట్ట రాగిగంగాళంలో ఉడికి ఎరుపు తేలాక బయటపడింది. కుర్చీకి అయిదు కాళ్ళు!

నాగదుర్గ ఏడుపుమొహం పెట్టింది. “పోనీలేమ్మా, పెద్ద పదవి. ఒక కాలు ఎక్కువుంటే ఇంకా గట్టిగా నిలబడుద్ది,” అన్నాడు తండ్రి.

నిలబడలేదు. వారం తిరక్కుండా పూర్ణచంద్రరావు ఫోను. “విట్కమ్ దిగిపోయాడండీ! కింద పనిచేసేవాళ్ళ పరిశోధన తన పేరున అచ్చేసుకున్నాడంట. రాజీనామా చేయించారు. కొత్త ప్రెసిడెంటు అదే తారీకుకి వస్తున్నారు. బట్ట మీద మొహం మార్చండి, చాలు.”

“ఈయన జీవితం వేరు కదండీ?”

“ప్రెసిడెంట్ల జీవితాలన్నీ ఒకటేనండీ. పుట్టడం, చదవడం, కూర్చోడం.”

“ఉడికిన రంగండీ, పోదు. మళ్ళీ మొదట్నుంచీ వెయ్యాలి. కాలవ కట్టేశారు. పారే నీళ్ళు లేందే ఎలా జాడిస్తాం? జూన్‌లో నీళ్ళొదిలేదాకా ఆగండి.”

మర్నాడు పూర్ణచంద్రరావు స్వయంగా వచ్చి, “గుర్తుకుంటుంది,” అంటూ గడి గడికీ ఫొటో తీసుకున్నాడు. కోర్సు సంగతి అడిగితే, “సభకి రండి,” అన్నాడు.

నాగభూషణం కొత్త తెల్లచొక్కా వేసుకుని వెళ్ళాడు. చివరి వరసలో చోటిచ్చారు. వేదిక మీద అతని బట్ట వేలాడుతోంది. అదే పడవ, అదే కాలవ, అవే ఉప్పుమడులు, అచ్చుగుద్దినట్టు. మొహం మాత్రం కొత్త ప్రెసిడెంటుది. వేదిక మీద కుర్చీలో పెడన స్క్రీన్ ప్రింటింగు షెడ్డు యజమాని శ్యామ్ సుందర్ కూర్చున్నాడు. ఫొటోలు కంప్యూటరుకెక్కించి, మొహం మార్చి, మధ్యాహ్నానికి ముప్పై బట్టలు లాగేశాడన్నమాట. వచ్చిన పెద్దలందరి భుజాల మీదా తలా ఒకటి.

“నాన్నా, కుర్చీ చూడు,” అంది నాగదుర్గ.

అయిదు కాళ్ళు. ముప్పై బట్టల మీదా అయిదేసి.

కొత్త ప్రెసిడెంటు ఆ అయిదో కాలును వేలితో తడిమి ఏదో అన్నాడు. పూర్ణచంద్రరావు మైకు లాక్కుని తెలుగు చేశాడు. “ఇలాంటి పొరపాటు మిషను చెయ్యదు, మనిషి చెయ్యే చేస్తుంది అంటున్నారండీ! ఈ కాలు చూసి కరిగిపోయారు!”

చప్పట్లు. సంతకం. కోర్సుకి గురువు శ్యామ్ సుందర్. విట్కమ్‌ది రాజీనామా, నాగభూషణానిది పంగనామం.

“ఆ తప్పు నాది నాన్నా. లేచి చెప్తా. ఇంగ్లీషులోనే చెప్తా.”

“చెప్పు,” అన్నాడు నాగభూషణం.

ఆమె లేచింది. సరిగ్గా అప్పుడే జాతీయగీతం మొదలై హాలంతా లేచింది. ఆమె లేచిన సంగతి ఎవరికీ తెలియలేదు. గీతం అయ్యేసరికి పెద్దలు కార్లెక్కేశారు.

ఇంటికొచ్చి నాగభూషణం చొక్కా విప్పి దండెం మీద వేశాడు. అచ్చుబల్ల మెత్తగా ఉండడానికి గోనెల మీద పాతబట్టలు పరుస్తారు. తను అద్దిన బట్ట తెచ్చి బల్ల మీద పరిచాడు. పడవ, కాలవ, ఉప్పుమడులు, అయిదుకాళ్ళ కుర్చీ, అందులో విట్కమ్. దాని మీద దుప్పటి ఆర్డరు తాలూకు తెల్లబట్ట లాగి గుండుసూదులు గుచ్చాడు.

“నల్లరంగు ఇటు జరుపు దుర్గా.”

అచ్చు ముంచి, బల్ల ముందు నిలబడి, పిడికిలితో గుద్దాడు.