ఓపల్ కూర్చున్న ఇల్లు

సుడిగాలికి ముందు ఆకాశం పచ్చబడిన రోజున, చక్రాల ఇళ్ళుండే ట్రైలర్ పార్కులో ఆడవాళ్ళు ఆరేసిన బట్టలు తెచ్చుకుంటారు, కుక్కల్ని విప్పుతారు, మిస్ ఓపల్‌ను పిలుచుకుంటారు. గాలి పెరిగేకొద్దీ ఓపల్ బరువు పెరుగుతుంది. మామూలు రోజుల్లో ఎండిన చువ్వలా ఉండే ముసలావిడ. సుడిగాలి నాడు ఆమె కూర్చున్న ఇల్లు ఎగరదని అందరి నమ్మకం. ముందు ఎవరు పిలిస్తే వాళ్ళింటికి వెళుతుంది.

ఈసారి షెల్బీ ముందు పిలిచింది.

"సోమవారమే ఆవిడకి చెప్పిపెట్టానమ్మా" అంది, చంటిదానికి పాలు పడుతూ. "ఇక చర్చి నేలమాళిగకి పరిగెత్తక్కర్లేదు. పోయిన నాలుగుసార్లూ సైరన్ ఉత్తిదే. దీనికి జలుబు అంటుకుంది, అంతే. పైగా ఓనరు ఇంటిని నేలకి కట్టి ఉంచే కొత్త పట్టీలు కూడా బిగించాడు."

"పొద్దున ఒకటి లాగి చూశాను. మేకు ముల్లంగిలా ఊడొచ్చింది" అంది తల్లి నోరీన్.

"నీకన్నీ అనుమానాలే."

నోరీన్ కిటికీలోంచి చూసింది. ఓపల్ వస్తోంది. అడుగడుక్కీ కంకర కుంగుతోంది. పోయినేడు సుడిగాలికి ఆవిడ ఇదే పార్కులో ఉండే ఫ్లాయిడ్ ఇంట్లో కూర్చుంది. ఫ్లాయిడ్ ఇప్పుడు లేడు. ఓపల్ ఉంది. అదెలాగో ఎవరూ అడగలేదు.

ఓపల్ కూర్చోగానే సోఫా నేలకంటింది.

"కాఫీలో చక్కెర?" అడిగింది నోరీన్.

"మూడు చెంచాలు. ఇంకోటి వేసినా పర్లేదు, ఎలాగూ ఇవాళ లావెక్కాలిగా."

నోరీన్ నవ్వలేదు. "ఫ్లాయిడ్ ఇంట్లో ఎక్కడ కూర్చున్నారు?"

"సోఫాలో."

"గాలి పోయాక?"

"సోఫాలోనే."

"ఇల్లు?"

ఓపల్ కాఫీ కలుపుతూనే ఉంది. "కొంత పత్తిచేలో దొరికింది."

"ఫ్లాయిడ్?"

"వంటగదిలో ఉన్నాడు. నాకోసం బిస్కెట్లు వేడిచేస్తున్నాడు."

"అమ్మా, ఇంటికొచ్చినావిడని అలాగేనా అడిగేది?" అంది షెల్బీ.

అప్పుడు సైరన్ మోగింది. షెల్బీ కదల్లేదు. చంటిదాన్ని ఒళ్ళో సర్దుకుని ఓపల్ పక్కకి జరిగింది.

నోరీన్‌కి తెలిసిపోయింది. కూతురు లేవదు. మోసుకుపోదామంటే తనది ఆ వయసు కాదు.

ఆవిడ చంటిదాన్ని లాక్కుని ఓపల్ చేతుల్లో పెట్టింది.

"లేవండి. ఇంకా బరువెక్కితే నడవలేరు. లేవండి."

ఓపల్ ఆమెను ఒకసారి ఎగాదిగా చూసింది. లేచింది.

"నా పిల్లనివ్వు" అని షెల్బీ ఆ చేతుల్ని పట్టి గుంజింది. అవి బండరాళ్ళలా ఉన్నాయి. ఓపల్ దిగితే గుమ్మం ముందు మెట్టు విరిగింది. షెల్బీ ఒట్టికాళ్ళతో, ఇద్దర్నీ తిడుతూ వెనక పడింది. నోరీన్ చర్చి దాకా ఓపల్ చేతుల మీంచి చూపు తిప్పలేదు.

నేలమాళిగలో ఓపల్ కూర్చున్నచోట సిమెంటు పగిలింది. పైన చాలాసేపు లారీలు పోతున్నట్టు గాలి మోత.

బయటికొచ్చేసరికి ఇల్లున్న చోట విరిగిన గొట్టంలోంచి నీళ్ళు చిమ్ముతున్నాయి. ఇంకేమీ లేదు. షెల్బీ అక్కడే కూలబడింది.

నోరీన్ చంటిదాన్ని అందుకుని వేళ్ళూ పాదాలూ తడిమి చూసుకుంది. దాన్ని షెల్బీ ఒళ్ళో పడుకోబెట్టి, ఓపల్ వైపు తిరిగింది.

"ఇన్నేళ్ళూ మీరైనా లేచి, వాళ్ళని తీసుకుని ఇక్కడికి వచ్చుండొచ్చు కదా?"

ఓపల్ అప్పటికే తేలికపడింది. గాలికి గౌను అంచు రెపరెపలాడుతోంది.

"అందరూ కూర్చోమనే పిలిచారు తల్లీ. లేవమని ఎవరూ అనలేదు."