సూది పడలే

ఆ దవాఖానాను ముందు నేనొక్కదాన్నే వెళ్లి చూసి వచ్చాను. మా ఊళ్లో సూదులు వేసే ఆయన దగ్గరికి పోయిన పక్కింటి కళావతికి పిర్ర మీద చీముగడ్డ లేచింది. కోయించుకుని, ఎన్నాళ్లో బోర్లానే పడుకుంది. అది చూశాక అత్తమ్మను అక్కడికి తీసుకుపోవడానికి నాకు మనసొప్పలేదు. మండల కేంద్రంలో ఎంబీబీఎస్ చదివిన డాక్టరు కొత్తగా దవాఖానా పెట్టాడని విని, కూరగాయలకని బయలుదేరి, అక్కడి బెంచీ మీద కాసేపు కూర్చున్నాను.

నేల తుడిచి ఉంది. వాడిన సూదుల మొనలు కత్తిరించి వేరే డబ్బాలో వేస్తున్నారు. డాక్టర్ శివకుమార్ ఒక మనిషిని చూశాక చేతులు కడుక్కుని గానీ ఇంకో మనిషిని ముట్టడం లేదు. చీటీ మీద ఆయన రాత నేను కూడా చదవగలిగాను.

ఇంటికొచ్చి చెబితే అత్తమ్మ ఎర్రమ్మ దగ్గుతూనే నవ్వింది.

"దవాఖానాకు పెళ్లిచూపులు చూసొచ్చినవా పిల్లా? పిలగాడు నచ్చిండా?"

"నచ్చిండు. రేపు మీరు కూడా చూద్దురు."

"నాకేం రోగమే! మిరపకాయల ఘాటుకు లేసిన దగ్గు గది. గదే పోతది."

తెల్లారేసరికి ఆమె ఒళ్లు పెనంలా కాలిపోతోంది. ఊపిరి తీస్తే ఛాతీలో గరగర వినిపిస్తోంది. మా ఆయన అప్పటికే మొదటి షిఫ్టుకు బొగ్గుబావిలోకి దిగిపోయాడు. పైకి వచ్చేదాకా ఫోను అందదు. ఆమెను ఆటోలో కూర్చోబెట్టుకుని నేనే తీసుకుపోయాను.

డాక్టరు వీపు మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు. "అమ్మా, మందులకు ఏమన్నా అలర్జీ ఉందా?" అని అడిగాడు.

"గవేం లేవయ్యా. నాకు షుగరు గూడ లేదు," అంది అత్తమ్మ.

అడిగాడు కదా అని నాకు ఆయన మీద నమ్మకం ఇంకొంచెం పెరిగింది. ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరిందని చెప్పి సూదిమందు రాశాడు.

లోపల మంచాలన్నీ నిండి ఉన్నాయి. నర్సు పిల్ల హర్షిత ఒక్కతే అందరికీ సూదులు వేసుకుంటూ వస్తోంది. ఎవరికి పడ్డది, ఎవరికి పడలేదు అని నోటితోనే అడిగి తెలుసుకుంటోంది. అత్తమ్మ చేతికి సెలైన్ పెట్టి అటు పోయి, కాసేపటికి తిరిగి వచ్చింది. తెల్లపొడి సీసా చూపించింది.

"అవ్వా, నీకు గీ సూది పడ్డదా?"

"నాకు పడలే బిడ్డా."

"పడలేదా? అయితే చెయ్యి ఇటు చాపు."

అత్తమ్మ బుద్ధిగా చెయ్యి చాపింది. ఆ మాటలు నా చెవిన పడుతూనే ఉన్నాయి. నా కళ్లు మాత్రం సీసా మీద తేదీని వెతుకుతున్నాయి. తేదీ దాటలేదు. సిరంజి కవరు నా ఎదుటే చించింది. మందు కలిపి మెల్లగా నరంలోకి ఎక్కించింది.

ఆ పిల్ల ఇంకో మంచం దగ్గరికి పోయిందో లేదో, అత్తమ్మ అరచేతులు గోక్కోవడం మొదలుపెట్టింది. మెడ మీద దద్దుర్లు లేచాయి. చూస్తుండగానే పెదవులు ఉబ్బిపోయాయి.

"గొంతు పట్టేస్తందే... గీ పిల్లకు చెప్పిన గదనే, నాకు పడలేదని... ఎన్కట బోనకల్ల మా అన్న ఇంటికాడ గీ పొడి సూదికే ఒళ్లంత దద్దుర్లు లేచినయి... చెప్పినంక వేరేది వేస్తదనుకున్న..."

హర్షిత వెనక్కి ఉరికొచ్చింది. "వేసిండ్రా లేదా అని అడిగిన అక్కా నేను! పడలేదంటే, ఇంకా వెయ్యలేదనుకున్న!"

డాక్టరు పరుగెత్తుకొచ్చాడు. అత్తమ్మను వెల్లకిలా పడుకోబెట్టి, కాళ్లు ఎత్తించి, అత్యవసర మందుల డబ్బాలోంచి తీసి తొడలో విరుగుడు సూది వేశాడు. ముక్కుకు ఆక్సిజన్ పెట్టించాడు. "ఇంకోటి తీసి పెట్టు," అన్నాడు.

"ఇంకొక్కటే ఉన్నది సార్," అంది హర్షిత ఏడుస్తూ.

నేల చూశాను, చేతులు చూశాను, సూదులు చూశాను. ఆ డబ్బాలో ఏముందో, ఎంతుందో చూడాలని నాకు తోచనేలేదు.

108కి ఫోన్ చేస్తే, కాన్పు కేసుకని అడవిలోని గూడేనికి పోయిందన్నారు. పెద్ద దవాఖానాకు తీసుకుపోదామని డాక్టరు తన కారు తాళాలు అందుకున్నాడు. బెంచీ మీద మోకాళ్ల నొప్పికని కూర్చున్న హాతీరాం అడ్డంగా లేచాడు.

"పొద్దుగాల్నుంచి కూసున్నం సారూ. మమ్మల్ని ఇడిసిపెట్టి యాడికి పోతవ్?"

డాక్టరు అత్తమ్మ భుజాల కింద చేతులు వేశాడు. హాతీరాం అత్తమ్మ ముఖం చూశాడు. ఆమె కాళ్ల వైపు పట్టుకుని లేపాడు. "తాళం నాకియ్యి. జీపు తోలినోణ్ని. నువ్వు ముసలమ్మను చూస్కో. జల్దీ!"

దారిలో బొగ్గు లారీలు ఒకదాని వెనుక ఒకటి ఆగి ఉన్నాయి. హాతీరాం హారన్ మీది నుంచి చెయ్యి తియ్యలేదు. నేను సెలైన్ సీసాను పైకెత్తి పట్టుకున్నాను. అత్తమ్మ పెదవులు నేరేడు రంగుకు తిరిగాయి. ఉన్న ఆ రెండో సూది కూడా డాక్టరు కారులోనే వేసేశాడు.

"ఇగ?" అన్నాను.

"దవాఖానా దాకా పోవాలమ్మా," అన్నాడు డాక్టరు, ఆమె మణికట్టు వదలకుండా.

పెద్ద దవాఖానాలో డ్యూటీ డాక్టరుకు ఆయనే చెప్పాడు. "నేను రాసిన మందే. నా దగ్గరే ఎక్కించినం. ఆమెకు పడదని మేం తెలుసుకోలేదు." హర్షిత పేరు ఎత్తలేదు. అత్తమ్మ సరిగ్గా చెప్పలేదనీ అనలేదు. ఆ మాటకు నేను ఆయన్ని మెచ్చుకోవాలో, గల్లా పట్టుకోవాలో తెలియలేదు. అంతలో తెర లాగేశారు.

చాలాసేపటికి నన్ను లోపలికి రానిచ్చారు. "తగ్గినట్టే తగ్గి మళ్లీ రావచ్చు. మాట తేడా వస్తే వెంటనే పిలవండి," అని డ్యూటీ డాక్టరు ఇంకో మంచం దగ్గరికి వెళ్లాడు.

అత్తమ్మ కళ్లు తెరిచి మాస్కు పక్కకు లాగింది.

"బర్రెకు కుడితి ఎవలు పెట్టిండ్రే? నువ్వీడ కూసుంటే దాని గతేంది, బుద్ధి లేనిదానా..."

"కళావతి పెడతది," అన్నాను. నేను కళావతికి చెప్పనేలేదు.

"కళావతిని అది దగ్గరికి రానిస్తదా... పొడుస్తది... నీకు ఎన్నిసార్లు..."

గొంతు సన్నబడింది. కళ్లు మూతపడ్డాయి. దుప్పటి కింద ఛాతీ కదులుతోందో లేదో నాకు కనిపించలేదు. డాక్టరును కేకేస్తూ ఆమె భుజం పట్టి కుదిపాను.

"తిట్టు అత్తమ్మా, ఆపకు! గట్టిగ తిట్టు, నాకు ఇనబడాలె!"