ఒక్కనాడే పుట్టిన లింగవ్వలు

మల్లాపూర్‌లో బీడీలు చుట్టే లింగవ్వకు నోరెంత పెద్దదో, చూపు అంత చిన్నదైపోయింది. తునికాకు వంకరటింకరగా కత్తిరిస్తోంది, చుట్టిన బీడీల్లో సగం వాపసు వస్తున్నాయి. పోయిన నెల ఊళ్లో కంటి పరీక్షలు చేసినవాళ్లు ఆపరేషన్ చేస్తే చూపొస్తుందన్నారు. ఈసారి తప్పితే మళ్లీ ఏడాదికేనట!

ఆపరేషన్ రోజు రానే వచ్చింది. కోరుట్ల ఫంక్షన్ హాల్లో పేరు చెప్పి చీటీ తీసుకుంటే, బస్సెక్కించి జగిత్యాల ఆసుపత్రికి తీసుకెళ్తారు. ఊరి నుంచి ఒకే ఆటోలో నలుగురు లింగవ్వలు దిగారు: దుకాణం లింగవ్వ, బీడీల లింగవ్వ, బోరుకాడి లింగవ్వ, ఏ పేరూ తగిలించని ఉట్టి లింగవ్వ.

కంప్యూటర్ ముందున్న అమ్మాయి దుకాణం లింగవ్వకు చీటీ ఇచ్చింది. బీడీల లింగవ్వ చేయి చాపింది.

"లింగవ్వది అయిపోయిందవ్వా."

"అయిపోవుడేంది? మరి నేనెవల్ని, దయ్యాన్నా?"

"లిస్టుల మల్లాపూర్ లింగవ్వ ఒక్కలే ఉన్నరు. పుట్టింది జనవరి ఒకటి."

"నాది గదే తారీకు!"

"నాది గూడ గదే," అంది వెనక నుంచి బోరుకాడి లింగవ్వ. ఉట్టి లింగవ్వ కూడా తలూపింది.

"అందరు ఒక్కనాడే ఎట్ల పుట్టిన్రు?" అమ్మాయి నోరెళ్లబెట్టింది.

"పుట్టిన తారీకు ఎవలికెరుక బిడ్డా!" అంది బీడీల లింగవ్వ. "ఆధార్ తీసేటోడు అడిగితే, మక్క కంకులు విరిసే దినాలల్ల అన్న. గది మిషిన్ల పట్టదని జనవరి ఒకటి కొట్టిండు. మేం నలుగురం ఒక్కీడోళ్లమంటే ఏడాది గూడ ఒక్కటే ఏసిండు."

అమ్మాయి లిస్టును పైకీ కిందికీ జరిపి చూసింది. తర్వాత దాచకుండా చెప్పింది. ఆమెది సిరిసిల్ల, పేరు ప్రణీత. ఆ సాఫ్ట్‌వేర్ రాసింది తనే. పేరు, ఊరు, తారీకు కలిస్తే ఒకే మనిషి రెండుసార్లు రాయించుకున్నట్టని, ఒకటి ఉంచి మిగతావి తీసేసేలా రాసింది.

"రాసినంక చూసుకోలేదా?"

"చూసిన అవ్వా. నాతోని సదువుకున్న పదిమంది పేర్లేసి చూసిన. వాళ్లందరివి వేరే వేరే తారీకులు."

లింగవ్వకు ఒళ్లు మండిపోయింది. ఎదురుగా మసకమసకగా కనిపిస్తున్న ఆ ఆకారం మీద విరుచుకుపడింది. "గుడ్డెద్దు చేన్ల వడ్డట్టున్నది గదనే నీ మిషిను! ఊళ్లె ఎందరు లింగవ్వలు, ఎందరు కొమురయ్యలు ఉంటరో ఎరుకలేదా? పెద్ద ఆఫీసరమ్మవు, గింతన్న తెలివి, ఇగురం లేదా?"

ప్రణీత వెంటనే, కంటి పరీక్షలప్పుడు చేత్తో రాసిన రిజిస్టర్ తెప్పించి, పెనిమిటి పేరు, ఇంటి నంబరు చూస్తూ ఒక్కొక్కరినీ మళ్లీ ఎక్కించింది. లిస్టులోంచి మాయమైనవాళ్లు ముప్పై ఒక్కరు తేలారు, అందులో తొమ్మిదిమంది కొమురయ్యలే. బస్సును గంటసేపు ఆపి, ఇళ్లకు మళ్లినవాళ్లను ఫోన్లు చేసి వెనక్కి పిలిపించింది. నాలుగు చీటీలూ చేతికొచ్చాక గానీ లింగవ్వ నోరు మూతపడలేదు.

మర్నాడు పొద్దున జగిత్యాల ఆసుపత్రిలో కంటి మీది కట్టు విప్పారు. ముందు కిటికీ ఊచలు కనిపించాయి, తర్వాత తన చేతి మీది పచ్చబొట్టు. లింగవ్వకు సంతోషం పట్టలేదు. ఎదురుగా ఒక బక్కపల్చని పిల్ల కాగితాలు పట్టుకుని నిలబడింది. మనవరాలి ఈడుంటుంది, కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"ఎవలు బిడ్డా నువ్వు?"

"నేనే అవ్వా, ప్రణీతను. కంప్యూటర్ కాడ..."

లింగవ్వకు సిగ్గనిపించింది. "ఓ నా తల్లీ, గింత పోరివా! పెద్ద ఆఫీసరనుకొని నోటికచ్చినట్టు తిట్టిన."

"తప్పు నాదే గదా అవ్వా. నువ్వు గట్టిగ మాట్లాడకపోతే అందరు ఉట్టిగనే ఇంటికి పోతుండిరి."

ఏడ్చిందని అడగకుండానే తెలుస్తోంది. లింగవ్వ ఆ పిల్ల గడ్డం పట్టుకుని దగ్గరికి తీసుకుంది. "మల్ల గసొంటిది రాసినప్పుడు ముందుగాల మా ఊరికి రా. నలుగురం లింగవ్వలం వరుసల నిలవడ్తం. మమ్ముల దాటిందంటే ఇగ యాడికన్న పోతది నీ మిషిను."

ప్రణీత ఫక్కున నవ్వింది. లింగవ్వ ఆ నవ్వును కంటి నిండా చూసింది.