ఏడుగురు లేవాలి

మార్చి మొదటి మంగళవారం హారో ఫాల్స్ ఊరి సభకి చిక్కుడుగింజలు వండి పట్టుకెళ్లడం, పెళ్లయిన ఏడాది నుంచీ వెర్నా పనే. ఇప్పుడామెకి డెబ్భై నాలుగు. ఈసారి మాత్రం గిన్నె సభ జరిగే బడి వంటింట్లో దించేసి ఇంటికి పోతానని కూర్చుంది.

"పైన వాషింగ్టన్‌లో వాళ్లు మన మాట విన్నారా ఎప్పుడైనా? ఇక్కడా అంతే. గొంతు పెద్దదైతే చాలు, ఊరు వాడిదే," అంది.

పక్కన సెనాదా రొట్టెలు కోస్తోంది. నాలుగేళ్ల కిందట బోస్నియా యుద్ధంలోంచి ప్రాణాలు అరచేత పట్టుకుని వచ్చి, ఈ వంటింట్లోనే వెర్నా దగ్గర పనికి చేరిన మనిషి. వాగు అవతల రెండు గదుల ఇల్లు, పదహారు మేకలు. ఆ వాగు మీది చెక్క వంతెన బాగుచేయాలా, మూసేయాలా అన్నది ఇవాళ సభ తేల్చాలి. మూసేస్తే పనికి రావడానికి ఇరవై మైళ్లు చుట్టు తిరగాలి. ఇల్లూ మేకలూ అమ్ముకుని పోవడం తప్ప దారి లేదు.

"మా ఊళ్లో మేయర్‌కి మా నాన్న ఎదురు చెప్పాడండీ. సాయంత్రానికల్లా ఉద్యోగం పీకేశారు," అంది సెనాదా. "ఇక్కడ ఆ ఓరిన్ పొద్దున సభలో మిమ్మల్ని తిడతాడు, మధ్యాహ్నం భోజనాల దగ్గర మీ గింజలే రెండోసారి వడ్డించుకుంటాడు. ఎంత గొప్ప దేశం!"

"అది దేశం గొప్ప కాదే, వాడికి సిగ్గు లేకపోవడం!"

నవ్వుకుంటూనే సభలోకి వెళ్లి, పౌరసత్వం రాక ఓటు లేనివాళ్ల బల్ల మీద సెనాదా పక్కన వెర్నా కూడా కూలబడింది.

ఓటు లేని మనిషి మాట్లాడాలంటే సభ ఒప్పుకోవాలి. అందరికన్నా ముందు చెయ్యెత్తింది ఓరినే. వంతెనకి పైసా ఇవ్వనని ఊరంతా చెప్పుకు తిరిగిన ఓరిన్!

"మాట్లాడనివ్వండయ్యా. ఏమంటుందో వినకుండా కాదనేదెలా?"

సెనాదా మాట్లాడింది. మేకల పేర్లు కూడా చెప్పింది. తర్వాత సభాపతి అడిగితే బాగుచేద్దామన్నవాళ్లు ఒకసారి, వద్దన్నవాళ్లు ఒకసారి అరిచారు; ఎవరి అరుపు గట్టిదైతే వాళ్లదే గెలుపు. "వద్దన్నవాళ్లే గెలిచారు," అని సుత్తి ఎత్తాడు ఆయన.

సెనాదా వెర్నా చెవిలో గబగబా అంది. "ఏడుగురు లేచి అడిగితే చీటీల మీద ఓటు పెట్టాలి. నేనడగకూడదు, మీరడగొచ్చు."

"యాభై ఏళ్లుగా వస్తున్నా, నాకు తెలీదే! నీకెవరు చెప్పారు?"

"ఊరి లెక్కల పుస్తకం చివరి పేజీలో ఉందండీ. ఏటా ఇంటింటికీ పంచుతారుగా."

ఏటా ఆ పుస్తకం వెర్నా ఇంట్లో పొయ్యి రాజేయడానికి పనికొస్తుంది. ఆమె ఏప్రన్‌తోనే లేచి నిలబడింది.

"సుత్తి దించు బాబూ. నాకూ చెవులున్నాయి, రెండు అరుపులూ ఒకలాగే వినిపించాయి. చీటీలు పంచు."

"ఏడుగురు కావాలి, వెర్నా."

ఒక్కొక్కరే లేచారు. ఆరుగురయ్యారు. ఏడో మనిషి లేవలేదు. వెర్నా అటూ ఇటూ చూసి, చూపు తెచ్చి ఓరిన్ మీద నిలిపింది.

"నన్నెందుకలా చూస్తావు?" అన్నాడు ఓరిన్, మోకాళ్లు పట్టుకుని లేస్తూ. "నా ఓటు వద్దనే. కానీ గెలిచానని మా ఆవిడకి చెప్పుకోవాలంటే అంకె ఉండాలి. అరుపులంటే నమ్మదు."

అరవలేని మొహమాటస్థులంతా చీటీల మీద ధైర్యంగా రాశారు. వంతెన బాగుచేయాలన్నవి అరవై మూడు, వద్దన్నవి యాభై ఎనిమిది.

సెనాదా ఏడుస్తూ వెళ్లి గిన్నెల మూతలు తీసింది. పళ్లెం పట్టుకుని వరసలో ముందున్నది ఓరినే.

"ఓడిపోయాను. కాస్త ఎక్కువ వెయ్యి," అన్నాడు.

వెర్నా రెండు గరిటెలు ఎక్కువే వేసింది.

ఇంటికెళ్లాక పొయ్యి పక్కన కట్టెల బుట్టలో వెతికింది. ఈ ఏటి పుస్తకం అట్ట అప్పటికే చిరిగి పొయ్యిలోకి పోయింది. చివరి పేజీ మాత్రం ఉంది. కళ్లజోడు తుడుచుకుని, అక్కణ్నుంచే చదవడం మొదలుపెట్టింది.