ఆకుపచ్చ పొట్లం

మెట్లు దిగుతూనే ఆథుంగ్ నల్లటి కేబుల్ వైరును మోచేతికీ బొటనవేలికీ మధ్య చుట్టుకుంటున్నాడు. ఇరవై ఎనిమిదేళ్లుగా తైనాన్ నగరపు సందుల్లో వైర్లు లాగిన చేతులే ఇప్పుడు వాటిని ఊడబెరుకుతున్నాయి. జనమంతా ఇంటర్నెట్ పెట్టెలకు మారిపోయారు మరి. నిచ్చెన మోసీ మోసీ అతని ఎడమ భుజం కిందికి జారింది. గోళ్ల కింద నలుపు ఎంత తోమినా పోదు.

సిగ్గుచేటు సంగతేమిటంటే, అతని ఇంట్లోనూ కేబుల్ లేదు. రెండేళ్ల క్రితమే భార్య మెయ్‌యున్ తీయించేసింది. సాయంత్రమైతే ఇద్దరూ నూడుల్స్ గిన్నెలు ఒళ్లో పెట్టుకుని, ఇంటర్నెట్‌లో కొరియా సీరియళ్లు వరసపెట్టి చూస్తారు. కంపెనీ చొక్కా తొడుక్కుని ఆ మాట ఏ మొహంతో బయట చెబుతాడు?

అందరికంటే ఎక్కువగా పాత ఖాతాదారు ఛై అవ్వ దగ్గర దాచాడు. మిషన్ మొరాయించకుండా ఉండాలంటే పైన ఆకుపచ్చ చిరుతిండి పొట్లం పెట్టాలనీ, గడువు దాటకముందే మార్చాలనీ కేబుల్ పెట్టె బిగించిన రోజు చెప్పింది అతనే. ఊళ్లో పెద్ద పెద్ద ఆఫీసుల్లోనూ అదే నమ్మకం. అవ్వ పొల్లుపోకుండా మార్చేది. ఏటా తనిఖీకి వెళ్తే జామకాయ ముక్కలు చేతిలో పెట్టి అడిగేది.

"నాయనా, మీ ఇంట్లో కేబులే కదా?"

"కేబులే అవ్వా. ఇంకేం చూస్తాం?"

"అయితే నేనూ ఉంచుతాలే."

ఈరోజు పెట్టెలు వెనక్కి తేవాల్సిన ఇళ్ల జాబితాలో నాలుగో పేరు ఆమెది. హమ్మయ్య, అవ్వ కూడా తీసేసింది, ఇక నిజం చెప్పేయొచ్చు అనుకున్నాడు. స్కూటర్ మీద దారిపొడవునా మాటలు కూర్చుకున్నాడు. 'అవ్వా, నేనే ముందు తీసేశాను. నాలుగు తిట్టు' అనాలి.

తలుపు తీసింది మనవరాలు యీథింగ్. ఆమె చొక్కా చేతికి, ఇంట్లో చావుకు గుర్తుగా, చిన్న గుడ్డ ముక్క గుచ్చి ఉంది.

"ఎప్పుడమ్మా?"

"పోయిన గురువారం బాబాయ్. నిద్రలోనే."

అతను వెళ్లి టీవీ ముందు కూలబడ్డాడు. పెట్టె శుభ్రంగా తుడిచి ఉంది. వైరు మాత్రం చుట్టి, రబ్బరు బ్యాండు వేసి పక్కన పెట్టి ఉంది.

"దీనికి ప్లగ్గే పెట్టలేదే?"

"మూడేళ్లుగా అవ్వ నా ట్యాబ్‌లోనే చూసేది. మీరొచ్చే రోజు మాత్రం పొద్దున్నే ప్లగ్గు పెట్టించేది. తీయించేద్దామంటే ఒప్పుకునేది కాదు. 'అందరూ తీసేస్తే ఆ అబ్బాయి పనేం గాను? పాపం, వాడింకా ఇంట్లో కేబులే చూస్తున్నాడు' అనేది."

అతని చెవులు వేడెక్కాయి.

"ఇంకా అదే చూస్తున్నారా బాబాయ్?"

"లేదమ్మా," అన్నాడు తల ఎత్తకుండానే. "రెండేళ్లయింది. అవ్వకు అబద్ధం చెప్పాను."

ఆ పిల్ల పెట్టె మీది ఆకుపచ్చ పొట్లం తీసి పక్కన పెట్టింది. అతను పెట్టెను సంచిలో వేసుకుని, వచ్చిన దానికంటే తొందరగా బయటపడ్డాడు.

టీవీ కింద ఖాళీ అయిన చోట ఆకుపచ్చ పొట్లం ఒక్కటే మిగిలింది. దాని గడువుకు ఇంకా తొమ్మిది నెలలున్నాయి.