ఎనిమిది తెడ్ల ఒకటే చప్పుడు

ఈ నెలంతా నేను కలలోనే బతికాను. తెల్లారేసరికి నది మీద మంచు పట్టి ఉంటుంది. మా జట్టు అమ్మాయిల పడవ ముందు, మోటారు పడవలో నేను వెనక. ఆ మంచులో కళ్ళకి కనపడేదేముంది, నా మొహం. అందుకే కళ్ళు మూసుకుని తెడ్లు నీళ్ళలో పడే చప్పుడు వింటాను. ఒక్కటి వెనకబడ్డా దొరికిపోతుంది. "ఎవరే ఆ నిద్రమొహం?" అని మైకులో కేకేస్తాను. ఈ కాలేజీలో కోచ్‌గా చేరినప్పటి నుంచీ నా బతుకు ఇదే. అరిచీ అరిచీ నాది కాకిగొంతైపోయింది.

ఎనిమిది తెడ్లకీ ఒకటే చప్పుడు రావాలి. నేను కోరుకున్నది అంతే. ఏ ఏడూ రాలేదు, ఈ నెల వచ్చింది. మెత్తగా, దూరంగా ఎవరో దుప్పటి దులిపినట్టు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. మైకు ఒళ్ళో పెట్టుకుని ఊరికే వింటూ కూర్చునేదాన్ని. ఒడ్డుకొచ్చాక "బాగుంది, పొండి" అంటే వాళ్ళు మొహమొహాలు చూసుకునేవాళ్ళు. నా నోట మెచ్చుకోలు కొత్త కదా, అందుకే అనుకున్నాను.

నిన్న సాయంత్రం మా చెల్లెలు కిటికీ బాదితే తలుపు తీశాను.

"బెల్లు కొట్టీ కొట్టీ నా వేలు అరిగిపోయిందక్కా. చెవుల్లో సీసం పోసుకున్నావా?"

"బెల్లెక్కడ మోగింది?"

అది నన్నే చూస్తూ మళ్ళీ బెల్లు నొక్కింది. వేలు కదిలింది. నాకేం వినపడలేదు.

మెత్తబడింది తెడ్లు కాదు, నా చెవులు. ఆదివారమే పోటీ. చెవులు లేని కోచ్ ఎవరికి కావాలి? ఎవరికీ చెప్పకుండా ఆ ఆదివారం దాటించేద్దామా అని కూడా అనిపించింది, సిగ్గులేకుండా.

పొద్దున పడవ దగ్గరికెళ్ళి చెప్పేశాను. "నాకు చెవులు సరిగా వినపడట్లేదర్రా. బాగుందన్నదంతా నా భ్రమ. మీరెలా వేస్తున్నారో నాకు తెలీదు."

చుక్కాని పట్టే బక్కపిల్లని, మేమంతా పిచ్చుక అనేదాన్ని, ఒడ్డున కూర్చోబెట్టి, దాని చోట్లో నేను ఇరుక్కున్నాను. పిచ్చుక చోటు పిచ్చుకదే, నా నడుము విరిగినంత పనైంది.

"మునిగితే ఎలా మేడమ్?" అంది నాకెదురుగా కూర్చున్న పిల్ల.

"ఈదండి."

రెండు అరచేతులూ పడవకి ఆనించి కళ్ళు మూసుకున్నాను. నది నా చేతుల కింద నుంచి జారిపోతోంది, నిద్రలో ఎవరో ఒళ్ళు నిమిరినట్టు. అంత హాయిలోనూ ఒక చిన్న కుదుపు. మళ్ళీ అదే. ఒక్కో జంటనీ ఆపించి చూశాను. చివరి జంట ఆగినా కుదుపు పోలేదు. దాని పక్క జంట ఆగగానే పోయింది. ఆ ఇద్దర్నీ విడివిడిగా వేయించాను.

"పొడుగూ, నువ్వేనే నిద్రమొహం. తెడ్డు ఆలస్యంగా దించుతున్నావు. నెలంతా ఇంతేనా?"

పడవ ఆగిపోయింది. ఆ పొడుగు పిల్ల తెడ్డు మీద తల వాల్చి వెక్కి వెక్కి ఏడుస్తోంది. అంత మాటేమన్నానని? ఎదురు పిల్ల ఏదో చెబుతోంది.

"ఏంటి?"

ముందుకి వంగి నా చెవి దగ్గర అరిచింది. "మీరు తిట్టడం మానేసేసరికి, ఇక మా వల్ల కాదని మమ్మల్ని వదిలేశారనుకున్నాం మేడమ్."

ఇన్నేళ్ళకి నా మీద ఒకళ్ళు కేకేశారు. కళ్ళు తుడుచుకుందామంటే చేతులు పడవని వదల్లేదు.

"వదలడమా, నా తలకాయ," అన్నాను. "చప్పుడు నువ్వు విని చెప్పు. కుదుపు సంగతి నేను చూసుకుంటా. పట్టండి తెడ్లు."