ఎర్రదారం ముడి

అక్కకు ఒళ్ళు తుడవాలి. మందు పట్టాలి. దుప్పటి మార్చాలి. మాస్టారి ప్యాంటుకు నడుము వదులు చెయ్యాలి. నర్సు కోటుకు గుండీలు కుట్టాలి. ఆకలేస్తే నీళ్ళు తాగి ఊరుకోవాలి. చీకటి పడకముందే వీధి చివరిదాకా గబగబా నడిచి రావాలి.

మొదటి మూడూ అయ్యేసరికే చెల్లెలికి చెమట పట్టింది. ముందుగది కుట్టుదుకాణం. కర్టెన్ వెనక అక్క మంచం. మిషను తొక్కుతుంటే పొట్ట బల్ల అంచుకు తగులుతుంది. తగిలినప్పుడల్లా లోపలికి పీల్చుకుంటుంది. నాలుగు కుట్లు పడగానే లేచి, గదిలో అటూ ఇటూ తిరిగి, మళ్ళీ కూర్చుంటుంది. ఆ పీట మీద ఆమె స్థిమితంగా కూర్చున్న రోజు లేదు.

మంచాన పడేదాకా కత్తిరించడం అక్క పని, కుట్టడం ఆమె పని. ఆ దుకాణంలో ఒక పద్ధతి ఉంది. నడుము కొలత పైకి చదవరు. కొలిచినచోట టేపుకు ఎర్రదారం ముడి వేసి, బట్ట మీద గీత గీశాక విప్పేస్తారు. అక్క పెట్టిన పద్ధతి అది. బడిలో యూనిఫారానికి కొలతలు తీసినప్పుడు చెల్లెలి నడుము పైకి చదివితే వరుసంతా నవ్వింది. ఆ నవ్వు అక్క కూడా విన్నది.

తలుపు వెనక ఒక నీలం కోటు వేలాడుతోంది. ఎన్నో ఏళ్ళ కిందట, సన్నబడ్డాక వేసుకుందామని కుట్టుకున్నది. "లేని మనిషికి నేను కత్తెర పట్టను" అని అక్క మొండికేస్తే తనే కత్తిరించుకుంది. ఒక్కనాడూ దాని గుండీలు పడలేదు.

మాస్టారు వచ్చి టేపు ముందు బిగుసుకుని నిలబడ్డాడు.

"ఊపిరి వదలండి మాస్టారూ. ప్యాంటు వేసుకునేది మీరు, మీ పెళ్ళి ఫొటో కాదు."

కర్టెన్ వెనక నుంచి నవ్వూ దగ్గూ కలిసి వినిపించాయి. "ఆ మాట నువ్వూ వినవే గున్నా!"

ఆయన వెళ్ళాక అక్క పిలిచింది. "చలేస్తోందే. ఆ నీలం కోటు ఇలా పట్రా."

"అదా?"

"ఊరికే వేలాడుతోందిగా."

తెచ్చి అక్కకు తొడిగింది. గుండీలన్నీ పడ్డాయి. భుజాల దగ్గర ఇంకా వదులే. అక్క చేతులు చాచి చూసుకుంది.

"నువ్వు ఇన్నేళ్ళూ కావాలని ఏడ్చిన నడుము నాకొచ్చింది చూడు. కావాలటే నీకిది?"

ఆమె పై గుండీ సర్దింది. ఎముకల మీద బట్ట ముడతలు పడి ఉంది. సరిగ్గా తను కోరుకున్న కొలత.

"టేపు తే. నిలబడు. ఊపిరి వదులు."

"వదిలాను."

"నా చేతికి తెలీదటే?"

వదిలింది. పొట్ట టేపు మీదికి దిగింది. అక్క వేళ్ళు వణుకుతూ వణుకుతూ ముడి వేశాయి. కొలత ఎంతో అక్క చెప్పలేదు, ఆమె అడగలేదు.

"ఈ కొలతకు కొత్త కోటు కత్తిరించుకో. లోపల ఇంకాస్త బట్ట వదులు. ఇప్పుడు నన్ను లేపి కూర్చోబెట్టు."

ఆమె మంచమెక్కి, అక్క వీపును గుండెకు ఆనించుకుంది.

"హమ్మయ్య. గుచ్చుకోని చోటు ఇదొక్కటే ఈ ఇంట్లో."

నడకకు వేళయింది. కాళ్ళు పీకుతున్నాయి. మంచం కిందికి జారిన కాలి బొటనవేలు దానంతటదే నేలను తడుముతోంది.

"వెళ్ళవా?"

"ఇవాళ వద్దులే."

అక్క వదిలేసిన రొట్టె మంచం పక్కన గిన్నెలో ఉంది. తుంచి తిన్నది. పొద్దున్నుంచీ అదే మొదటి ముద్ద. కాళ్ళు నెమ్మదించాయి. కిటికీలో వెలుగు తగ్గుతుండగా, ఆమె ఒంటికి ఆనుకునే అక్క ఊపిరి ఆగిపోయింది. ఆమెకు తెలిసింది. అయినా కదలలేదు.

నీలం కోటును అక్క ఒంటిమీదే ఉంచి సాగనంపింది. కొన్నాళ్ళకు బూడిదరంగు బట్ట పరిచి, ముడి దగ్గర సుద్దగీత గీసింది. లోపల అక్క చెప్పినంత బట్ట వదిలింది. కుట్టడం అయ్యాక ఆ కోటు వేసుకుని గుండీలన్నీ పెట్టుకుంది, పీటమీద కూర్చుంది. ముడి మాత్రం విప్పలేదు.

ఎక్కడైనా కొలతకు నిలబడి మీరు పొట్ట బిగబట్టబోతే, ఆ అక్కను ఒకసారి తలుచుకోండి. మిషను పక్క మేకుకు వేలాడే ఆ టేపును, దానిమీద వణికే వేళ్ళు వేసిన ఎర్రదారం ముడిని కూడా.